తీగ కింద మొక్కలు

బొబ్బిలి అవతల కొండవారనున్న నక్కలవలసకు కరెంటు వచ్చింది. తీగ సాఫీగా సాగాలని దారిలో ఉన్న నలభై చింత, ఇప్ప చెట్లు కొట్టేశారు. అందులో ఆరు, ఆ ఊళ్లో గొర్రెలు కాచుకునే తవిటమ్మ పొలం గట్టు మీదివి. బల్బు వెలిగిన రోజు ఆమె కూడా సంబరపడింది. మర్నాడు మిట్టమధ్యాహ్నం గొర్రెల్ని నీడకు ఎక్కడ నిలబెట్టాలో తోచలేదు.

తొలకరికి తిరుమలరావు అనే అటవీశాఖ అధికారి వ్యాను నిండా కానుగ మొక్కలతో వచ్చాడు. పోయిన చెట్లకు బదులు రెండు వందల మొక్కలు నాటమని ఆయనకు ఉత్తర్వు. ఖాళీగా కనిపించిన జాగా తీగ కిందే. అక్కడే వరసగా గుంతలు తీయించాడు.

"బాబూ, ఇవి ఎదిగితే తీగకి తగుల్తాయి కదా?" అంది తవిటమ్మ.

"తగిలితే కొట్టేస్తారులేమ్మా."

"కొట్టేయడానికా ఏస్తన్నారు?"

"కొట్టే పని కరెంటోళ్లది. నాటే పని మాది. ఒకరి పనిలో ఒకరం వేలు పెట్టం," అన్నాడాయన ఓపిగ్గా. ఫొటోలు తీయించుకుని వెళ్లిపోయాడు.

రెండు రోజులు తవిటమ్మ ఆ మొక్కల చుట్టూ తిరిగింది. మూడోనాడు గునపం పట్టుకుని, కూతురు ఈశ్వరిని వెంటబెట్టుకుని వెళ్లింది. మొక్కలన్నిటినీ మన్నుతో సహా తవ్వి, ఊరవతల పారే గెడ్డ ఒడ్డున బంజరులో నాటారు. నాలుగు రోజులు పట్టింది. వేసవంతా బిందెలతో నీళ్లు పోశారు. పద్దెనిమిది ఎండిపోయాయి, తక్కినవి బతికాయి.

ఏడాది తిరిగాక తిరుమలరావు తనిఖీకి వచ్చాడు. తీగ కింద ఒక్క మొక్కా లేదు.

"ఎవరు పీకారు?"

"నానే. రండి, సూపిస్తాను."

నడుమెత్తు పెరిగిన కానుగల మధ్య ఆయన ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి చూశాడు.

"బాగానే ఉన్నాయమ్మా. కానీ కాయితంలో తీగ కింద ఉన్నాయి. కాయితం మార్చడం కష్టం. వీటినే మళ్లీ అక్కడికి మార్చలేవా?"

"ఇంకెందుకు బాబూ? మొన్న కరెంటోళ్లు కత్తులట్టుకొచ్చి ఎతికారు. ఏటీ దొరకనేదు. నాసేత ఏలిముద్ర ఏయించుకుని ఎల్లిపోనారు."

"దేని మీద?"

"రెండొందల మొక్కలూ కొట్టేసినట్టు."

తిరుమలరావు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. "కొట్టేసినవాటికి నా పూచీ లేదు," అని వ్యానెక్కాడు.

ఏ కాయితంలోనూ లేని ఆ మొక్కల జోలికి తర్వాత ఎవరూ రాలేదు.