దులిపిన బట్టలు

సూర్యకళ ముందు దుమ్మును తిట్టకూడదు. ఉప్పల్‌లో ఆమె పనిచేసే పరిశోధనశాలలో అందరికీ ఈ సంగతి తెలుసు. ఫ్లైఓవర్ పనులు దాటి వచ్చి ఎవరైనా ముక్కు తుడుచుకుంటూ విసుక్కున్నారంటే చాలు, అందులో సిమెంటెంత, మట్టెంత, నాచారం ఫౌండ్రీల ఇనుమెంత అని పాఠం మొదలుపెట్టేది. దుమ్ముకీ పుట్టిల్లు ఉంటుందని, రేణువును చూసి అదెక్కడిదో చెప్పగలనని ఆమె గర్వం. ఉత్త గర్వమేం కాదు, నిజంగానే చెప్పేది.

చిల్కానగర్‌లోని సొంతింటి డాబా మీద కూడా గాలి పీల్చే యంత్రం ఒకటి పెట్టుకుంది. పీల్చిన గాలిలోని దుమ్ము లోపలి తెల్ల కాగితం మీద పేరుకునేది. ఆ డాబా మీదే ఒక గదిలో అబ్బయ్య, అతని భార్య విక్టోరియా అద్దెకుంటున్నారు. అబ్బయ్యకు మల్లాపూర్‌లో, పలుగురాళ్లను మెత్తగా పొడి చేసే మిల్లులో పని. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనురెప్పలు కూడా తెల్లబడి ఉండేవి. విక్టోరియా అతని చొక్కా, ప్యాంటు విప్పించి, పిట్టగోడ దగ్గర టపటపా దులిపాకే బకెట్లో వేసేది.

రెండేళ్ల కిందట ఒక నెల ఆ కాగితం మీది దుమ్ము లెక్క తేడా కొట్టింది. ఈ ఊరి గాలిలో మామూలుగా ఉండే దానికంటే పలుగురాయి ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడింది. సూక్ష్మదర్శినిలో చూస్తే, గాలికి దొర్లి దొర్లి అరిగిన రేణువులు కావవి. అప్పుడే పగిలిన గాజు పెంకుల్లా వాటి అంచులు పదునుగా ఉన్నాయి. రాయిని యంత్రంలో పగలగొడితేనే అలాంటివి పుడతాయి. సూర్యకళకు ఇట్టే అర్థమైపోయింది. ఆ సాయంత్రమే మెట్లెక్కి పైకి వెళ్లింది.

"విక్టోరియా, బట్టలు ఇక్కడ దులపకమ్మా. నా శాంపిల్స్ అన్నీ పాడైపోతున్నాయి."

"అయ్యో, నాకు ఎర్కలేదక్కా! ఇగ ఈడ దులప," అని విక్టోరియా నాలుక కరుచుకుంది.

అంతే. ఆ నెల కాగితాలను సూర్యకళ పక్కన పడేసింది. తర్వాతి నెల నుంచి లెక్కలు ముచ్చటగా కుదిరాయి, పరిశోధన వ్యాసం అచ్చయింది. పై గదివాళ్ల బట్టల సంగతి ఒక సదస్సులో చెప్పి అందరినీ నవ్వించింది కూడా.

ఈ మధ్య అబ్బయ్యకు దగ్గు పట్టుకుంది. టీబీ అనుకుని నెలల తరబడి మందులు మింగినా తగ్గలేదు. ఒక ఉదయం సూర్యకళ ఆఫీసుకు బయలుదేరబోతుంటే, విక్టోరియా ఎక్స్‌రే కవరు పట్టుకుని కిందికి వచ్చింది.

"టీబీ కాదంటున్నరక్కా పెద్ద దవాఖానల. రాతి పొడి ఛాతిల కూసున్నదట. ఇగ అది పోదట. ఆయనకు మెట్లు ఎక్కనీకె గూడ చాతనైతలేదు. మీరు దుమ్ము గురించే సదివిన్రు గదా, జర చెప్పున్రి. కొంచెమన్న తగ్గుతదా?"

సూర్యకళ ఎక్స్‌రేను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుంది. ఆమె డాక్టరు కాదు. కానీ ఆ తెల్ల మచ్చలను చూడగానే గాజు పెంకుల్లాంటి ఆ రేణువులే కళ్లముందు మెదిలాయి. అవి తన కాగితం మీద పడుతున్నాయని ఆ రోజు ఎంత చిరాకుపడింది! వాటిని ఒంటినిండా మోసుకొచ్చే మనిషి పగలంతా పీల్చేది కూడా అవేనన్న ఆలోచన మాత్రం మనసుకు తట్టనే లేదు. తన తెలివి మీద తనకే అసహ్యం వేసింది. ఎక్స్‌రేను తిరిగి ఇచ్చి కుర్చీలో కూర్చుంది.

"తగ్గదు విక్టోరియా. ఆ పొడి ఊపిరితిత్తులను తినేస్తుందని నాకు అప్పుడే తెలుసు. ఆ పని మానేయమని ఒక్క మాట చెప్పాల్సింది. చెప్పలేదు."

విక్టోరియా ఆమె ముఖంలోకి చూసింది. కోపంగా కూడా లేదు.

"చెప్తే నేనే మాన్పిస్తుంటి గదక్కా," అంది.

విక్టోరియా ఎక్స్‌రేను కవర్లో పెడుతూ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గింది. పొడి దగ్గు. ఆగినట్టే ఆగి మళ్లీ వచ్చింది.

సూర్యకళ చప్పున తలెత్తింది. "నేను వద్దన్నాక ఆ బట్టలు ఎక్కడ దులిపేదానివి?"

"బాత్రూంల అక్కా. బయటికొస్తే మీ మిషన్ల పడ్తదేమోనని తలుపేసుకొనే దులుపుతుంటి."

పై గది బాత్రూంకు కిటికీ లేదు. దాన్ని కట్టించింది సూర్యకళే.

ఆమె లేచి బ్యాగు భుజాన వేసుకుంది. "చెప్పులేసుకో. ఇప్పుడే దవాఖానకు పోదాం."

"ఇప్పుడొద్దక్కా. రాత్రంత దగ్గి, ఆయనకు ఇప్పుడే జర నిద్ర వట్టింది."

"ఆయన కోసం కాదు," అంది సూర్యకళ, ఆమె చెయ్యి పట్టుకుని. "నీకోసం."