అడుగు పప్పు

పప్పు ధర పెరిగిందని మిల్లు క్యాంటీనులో భోజనం రేటు పెంచలేదు. గరిటెను చిన్నది చేశారు. చేసినవాళ్ళు హాయిగా ఉన్నారు. ఇకముందూ ఉంటారు.

ఆ ఉదయం అక్కడ వండి వడ్డించే అతను ఉడుకుతున్న డేగిసాలో తెడ్డు తిప్పుతుండగా మేనేజరు లోపలికి వచ్చాడు. కాగితంలో చుట్టి తెచ్చిన కొత్త గరిటెను బల్ల మీద పెట్టాడు. అతను తెడ్డు ఆపకుండానే దానివైపు చూశాడు. కాడ పాతదానంత పొడుగే ఉంది. గిన్నె మాత్రం పాతదానిలో సగం ఉంటుందో ఉండదో.

"ఇకమీదట దీంతోనే వెయ్యి," అన్నాడు మేనేజరు.

"జనం ఊరుకోరు సార్."

"రేటు పెంచితే ఊరుకోరు. గరిటెను ఎవడు చూస్తాడయ్యా? ఉడకేసే పప్పు కూడా తగ్గించు. బజారు ఎలా మండుతోందో నీకు తెలీదా?"

తెలుసు. గుడ్లు డజన్ల లెక్కన కొనేవాళ్ళు కనిపించడం లేదు. కొట్టువాడు "ఎన్ని?" అనడం మానేసి "ఒకటేనా?" అంటున్నాడు. పాలు పోసే ఆమె తమ వీధి మలుపు తిరగడమే మానేసింది. ఆకుకూర కట్ట బొటనవేలంత లావు కూడా ఉండటం లేదు. బియ్యం ఒక్కటే చవక. కడుపు నిండుతుంది. ఒంట్లోకి ఏమీ రాదు.

మేనేజరు పాత గరిటెను చంకలో పెట్టుకుని గుమ్మం దగ్గర ఆగాడు.

"నీ క్యారేజీ సంగతి నాకు తెలుసు. చూసీ చూడనట్టు ఊరుకున్నాను. ఇవాళ్టికి పట్టుకెళ్ళు. రేపటి నుంచి మిగిలింది మళ్ళీ డేగిసాలోకే."

అతను తలూపాడు. తెడ్డు తిరుగుతూనే ఉంది.

పప్పును కాసేపు కదపకుండా వదిలేస్తే రెండుగా విడిపోతుంది. పైన తేట, కింద అడుగు. గరిటెను పైపైన ముంచితే పసుపు నీళ్ళు వస్తాయి. అడుగు దాకా దించి ఎత్తితే పప్పు వస్తుంది. ఎవరికి ఏది పడాలో వడ్డించేవాడి మణికట్టులో ఉంటుంది. ఆఖరున డేగిసాలో మిగిలింది వడ్డించేవాడిదే. క్యాంటీను పెట్టినప్పటి నుంచీ అదే పద్ధతి. రేపటి నుంచి అది కూడా లేదు.

వరసలో నిలబడ్డవాళ్ళు అతన్ని బాబాయ్ అంటారు. "అడుగు వెయ్యి బాబాయ్!" అని అరుస్తారు. అతను మొహంలో నవ్వు లేకుండా కుడికాలు ఒక అడుగు ముందుకు వేసి "వేశాగా" అంటాడు. ఎన్నేళ్ళ పాత వేళాకోళమో అది. అయినా వరసంతా నవ్వేది. నవ్వాక అతను నిజంగానే గరిటెను అడుగు దాకా దించి వేసేవాడు.

భార్యకు జబ్బు చేశాక దించడం మానేశాడు. కాలు మాత్రం ముందుకు వేస్తున్నాడు.

జబ్బు పెద్దదేమీ కాదని మొదట్లో అన్నారు. రక్తం తక్కువ, అంతే. ఆసుపత్రిలో నర్సమ్మ ఆమె చెయ్యి తిప్పి చూసింది. గోళ్ళు మధ్యలో లోతుకు పోయి చిన్న చిన్న గరిటెల్లా ఉన్నాయి. దూదితో ఒక గోటి మీద నీటిచుక్క వదిలింది. జారలేదు. గుంటలో నిలిచిపోయింది.

"మందు నేనిస్తాను. తిండి మీరు పెట్టుకోవాలి," అంది నర్సమ్మ. "గుడ్లు, పాలు, ఆకుకూరలు, పప్పు. రక్తం ఎక్కకపోతే గుండె మీదికొస్తుంది."

"అవి కూడా ఇక్కడే ఇస్తే బాగుండేదమ్మా," అన్నాడతను. నర్సమ్మ వినిపించనట్టు తరవాతి మనిషిని పిలిచింది. నాలుగింటిలో అతని చేతికి అందేది ఒక్కటే. అది డేగిసా అడుగున ఉంది.

మధ్యాహ్నం గంట కొట్టారు. వరస కట్టారు. ముందు నిలబడ్డ లేతు మిషను మనిషి కొత్త గరిటెను చూసి కళ్ళు చిట్లించాడు.

"ఇదేంటి బాబాయ్, మన గరిటె పిల్లను పెట్టిందా?"

"గరిటె కాదురా అది," అన్నాడు వెనకవాడు. "బాబాయ్ చెవిలో గుబిలి తీసుకుంటుంటే జారి డేగిసాలో పడింది."

నవ్వారు. పళ్ళెంలో పడింది చూశాక ఆపేశారు. అతను తల ఎత్తలేదు. గరిటెను పైపైన ముంచి, పైపైన తీసి వేస్తూ పోయాడు. తెడ్డును కావాలనే గోడకు ఆనించి పెట్టాడు. ఇవాళ ఒక్కరోజే. రేపు ఇంటికి పట్టుకెళ్ళడానికి ఏమీ ఉండదు.

ఊడ్చే ఆమె వచ్చింది. నిండు నెలలు. పళ్ళేన్ని పొట్ట మీద ఆనించి పట్టుకుంది.

"కొంచెం అడుగు వెయ్యి బాబాయ్," అంది, పక్కవాళ్ళకు వినపడకుండా.

అతను కుడికాలు ముందుకు వేశాడు. ఆమె నవ్వలేదు. అతని కాలువైపు చూసింది, పళ్ళెంలోని పసుపు నీళ్ళవైపు చూసింది. "సర్లే," అని వెళ్ళిపోయింది. అతని కాలు కాసేపు అక్కడే ఉండిపోయింది.

అందరూ వెళ్ళాక డేగిసాను వంచి, చేత్తో గీకి, అడుగునంతా క్యారేజీలోకి తీశాడు. గట్టిగా ముద్దలా ఉంది. మూత బిగించాడు.

పొద్దు వాలుతుండగా ఇల్లు చేరాడు. ఒకటే గది. ఒక మూల పొయ్యి, ఇంకో మూల నులకమంచం. ఆమె పొయ్యి పక్కన గోడకు ఆనుకుని కూర్చుని పచ్చిబియ్యం నములుతోంది. కొన్నాళ్ళుగా అదే పని. ఎందుకే అంటే, ఊరికే, నోరు ఊరుకోవడం లేదు అంటుంది. పెదాలు గోడ సున్నం రంగులో ఉన్నాయి.

"రేపటి నుంచి పప్పు రాదే," అన్నాడు.

"ఇన్నాళ్ళు వచ్చింది చాల్లేవయ్యా."

రోజూ చేసినట్టే క్యారేజీలోని ముద్దను గిన్నెలోకి తీసింది. ఇద్దరికీ చాలాలని నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టింది. మామూలుగా అయితే అది కాగాక అతనికి ముందు వడ్డించేది. అతను తిని, చెయ్యి కడుక్కుని, వాకిట్లోకి వెళ్ళి గాలికి కూర్చునేవాడు. ఆమె లోపల తన సత్తుగిన్నెలో పోసుకుని తినేది. పొద్దంతా వడ్డించే మనిషి ఇంట్లో గరిటె ముట్టుకోకూడదని పెళ్ళయిన కొత్తలోనే అంది. అతనికి ఆ మాట నచ్చింది. ఇంట్లో ఎప్పుడూ ముట్టుకోలేదు.

ఇవాళ పప్పు కాగింది. పొయ్యి ఆర్పింది. కానీ లేవలేదు.

"కాళ్ళు రావడం లేదయ్యా. నువ్వే వేసుకో."

"ఆసుపత్రికి పోదామా?"

"ఉదయం చూద్దాంలే. ముందు తిను."

అతను కంచంలో అన్నం పెట్టుకున్నాడు. గరిటె తీసుకుని గిన్నెలో ముంచాడు. చేతికి అలవాటైనట్టే, పైపైన. కలుపుకుని నోట్లో పెట్టుకున్నాడు. నమలడం ఆపాడు.

"ఇదేంటే, ఉత్త నీళ్ళలా ఉంది?"

"అడుగు నుంచి వేసుకోవయ్యా," అంది ఆమె కళ్ళు మూసుకునే.

అతను గిన్నెలోకి చూశాడు. పైన తేట, కింద అడుగు. రోజూ తన కంచంలో పడే పప్పు ఇలా ఉండేది కాదు. చిక్కగా, అన్నానికి పట్టేలా ఉండేది. తను తిని వాకిట్లోకి వెళ్ళేసరికి గిన్నెలో ఏం మిగిలేదో ఇప్పుడు తెలిసింది.

"రోజూ నువ్వు తేట తాగుతున్నావా?"

"నాకు తేటే ఇష్టం."

ఇన్నేళ్ళలో వరసలో నిలబడి తేట కావాలని అడిగినవాడిని ఒక్కడినీ అతను చూడలేదు.

"నీ కోసం తెస్తుంటే నాకు పెడతావా? బుద్ధుందా నీకు?" అని అరిచాడు.

"పని చేసేవాడివి," అంది. రొప్పుతూ, "అరవకు. ఆయాసంగా ఉంది," అంది.

అతను ఆమె సత్తుగిన్నె తీసుకున్నాడు. దాని అంచు ఒకవైపు సొట్ట. గరిటెను అడుగు దాకా దించి, గీకి, ఉన్న పప్పంతా అందులోకి ఎత్తాడు. ఆమె పక్కన పెట్టి, తినమని భుజం తట్టాడు.

ఆమె తల గోడ మీద నుంచి పక్కకు జారింది. దవడలో పచ్చిబియ్యం ఇంకా ఉంది.

అతను పిలవలేదు. పిలిస్తే పలికే మనిషా కాదా అన్నది చేతికి తెలిసిపోయింది.

కాసేపటికి పక్కింటామె నిప్పుపెట్టె కోసం వచ్చి, చూసి, గుండె మీద చెయ్యి వేసుకుంది. ఏడ్చాక అందరూ అడిగే మాటే అడిగింది.

"చివరికి కాస్త ఏదైనా తిన్నదా అన్నా?"

"ఆ సంగతి నన్ను అడక్కు. ఇప్పుడు వద్దు, ఎప్పుడూ వద్దు."

తరవాత అడిగినవాళ్ళున్నారు. నర్సమ్మ అడిగింది. మిల్లులో అడిగారు. అతను చెప్పలేదు. చెప్పడు.

పొయ్యి పక్కన సొట్టపోయిన సత్తుగిన్నె పెట్టింది పెట్టినట్టే ఉంది. అందులోని పప్పు చల్లారి నెమ్మదిగా విడిపోయింది. పైన పలచగా తేట, కింద మందంగా అడుగు.