బషీరున్నీసా వాకిట్లో బంతులు

ఆదివారం పొద్దున జ్ఞానమ్మ చర్చికి వెళ్ళొస్తుంది. వచ్చి అన్నం తిని, మూడింటికి టీ బంకు తెరిచి పాలు పొయ్యి మీద పెడుతుంది. నాలుగయ్యేసరికి బల్లల మీద చోటుండదు. నరసరావుపేటలో అన్ని టీ బంకులుండగా ఆ వీధికే అంతమంది రావడానికి కారణం తన టీ కాదని ఆమెకీ తెలుసు. బంకుకి ఎదురుగా బషీరున్నీసా ఇల్లు. ఆ ఇంటి వాకిట్లో బంతులు పడతాయి.

బషీరున్నీసా కొడుకు అయాజ్ కోయంబత్తూరులో నీలగిరి రేంజర్స్ అనే ఫుట్‌బాల్ జట్టుకి ఆడతాడు. జీతం తీసుకుని ఆడే ఆటగాడు. ముందు వరసలో ఉండి గోల్ కొట్టడం అతని పని. కొట్టిన బంతి గోల్లోకి వెళ్తే అది అక్కడే ఉంటుంది. తప్పిపోతే మాత్రం, తప్పిన ఆ నిమిషానికే, ఇక్కడ అమ్మ వాకిట్లో వచ్చి పడుతుంది. తెల్ల బంతి, మీద ఆకుపచ్చ చార, ఒక పక్క అక్కడి గడ్డి అంటుకుని తడితడిగా ఉంటుంది. మొదటిసారి పడ్డప్పుడు బషీరున్నీసా ఎవరి పిల్లలదో అనుకుని గోడ మీంచి బయటికి విసిరేసింది. రెండోసారి పడ్డప్పుడు సాయంత్రం కొడుక్కి ఫోన్ చేసి, "నాలుగున్నరకి తప్పింది నీదేనా?" అని అడిగింది. అవునన్నాడు. ఆ తర్వాత దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు. కొందరి ఇళ్ళ మీద కోతులు పడతాయి, వీళ్ళ ఇంట్లో బంతులు పడతాయి.

ఆమె వాకిట్లోనే కూర్చుని ఎండుమిరపకాయలకు తొడిమలు తీస్తుంది. మిర్చి వ్యాపారి పొద్దున ఆటోలో బస్తాలు దించి, సాయంత్రం పట్టుకుపోతాడు. బంతి వచ్చి కాయల కుప్ప మీద పడిందంటే వీధి వీధంతా తుమ్ముతుంది. ఆ తుమ్ములు వినగానే ముజాహిద్ తన మెకానిక్ షెడ్డులోంచి, "ఇంకోటి పోయింది" అంటాడు.

అయాజ్ ఆ జట్టులో చేరకముందు ఆ బల్లల మీద కూర్చునేవాళ్ళకి ఫుట్‌బాల్ ఎంతమంది ఆడతారో కూడా తెలియదు. ఇప్పుడు ఆఫ్‌సైడ్ గురించి రెండు ముక్కలు మాట్లాడని మనిషి లేడు. ఇంతా చేసి వాళ్ళలో ఒక్కడంటే ఒక్కడు ఒక్క మ్యాచ్ కూడా పూర్తిగా చూసినవాడు కాదు. ఫోన్లో ఏదో యాప్‌లో వస్తుందట, ఆగి ఆగి వస్తుందట. అంత కష్టపడి చూడాల్సిన అవసరమేముంది, బంతులు కళ్ళ ముందే పడుతుంటే? గట్టున కూర్చున్నవాడు ఎన్ని మాటలైనా చెబుతాడంటారు. వీళ్ళు గట్టు దాకా కూడా పోయినవాళ్ళు కారు.

ఈ జనానికంతటికీ పెద్ద త్రికోటేశ్వరరావు మాస్టారు. రిటైరైన డ్రిల్లు మాస్టారు. అయాజ్ కాళ్ళ ముందు మొదటి బంతి వేసింది ఆయనే. ముప్పై ఏళ్ళ సర్వీసులో ఆయన చేతి కింద నుంచి అంత దూరం పోయినవాడు ఇంకొకడు లేడు. అందుకే ఆ వాకిట్లో పడే ప్రతి బంతీ తన నెత్తిన పడ్డట్టే ఉంటుంది ఆయనకి. పడగానే చెప్పులు బయట వదిలి లోపలికి వెళ్తాడు. జేబులోంచి నీలం మార్కరు తీసి బంతి మీద తేదీ, నిమిషం, తప్పు రాస్తాడు. 'తొందర', 'ఎడమ కాలు', 'తల ఎత్తలేదు'. చూడకుండా తప్పేమిటో ఎలా తెలిసిందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు, ఆయన చేత బెత్తం దెబ్బలు తిన్నవాళ్ళే అందరూ. రాయడం అయ్యాక ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాడు. గ్రూపులో ఆరేడొందల మంది ఉన్నారు.

జనవరిలో ఒక ఆదివారం అరగంటలో రెండు పడ్డాయి.

"ముప్పై ఒకటి," అన్నాడు అమర్నాథ్. అతను కోర్టులో టైపిస్టు, ఏ మాటైనా తీర్పులాగే చెబుతాడు. "గోల్సేమో రెండు. ఇదేం అటాక్ మాస్టారూ?"

"అటాకా? అటాకంటే ఎద్దు పొడిచినట్టుండాల. ఈడు ఆవు నాకినట్టు ఆడతన్నాడు."

"ఈడొక్కణ్ణే అంటే ఎట్టా సార్?" అన్నాడు ముజాహిద్, గ్రీజు చేతులు గుడ్డకి తుడుచుకుంటూ. "మధ్యలోంచి పాసు రావాల గదా. పక్కనున్నోళ్ళు ఏం జేస్తన్నారు? ముప్పై ఒక్కటి తప్పాయంటే ముప్పై ఒక్కసార్లు గోలు ముందు దాకా పోయినట్టే గదా. మిగతావోళ్ళు పోయారా?"

"పోయి ఏం జేశాడు? నువ్వు చూశావా?"

ముజాహిద్ మళ్ళీ గుడ్డకి చేతులు తుడుచుకున్నాడు. అతనూ చూడలేదు.

"తీసి బెంచీ మీద కూర్చోబెడితే బుద్ధొస్తది," అన్నాడు అమర్నాథ్.

"కాస్త మెల్లగా అనండయ్యా," అంది జ్ఞానమ్మ గ్లాసులు కడుగుతూ. "ఎదురుగా తల్లి కూర్చోనుంది."

"వినాలనే అంటన్నా," అన్నాడు మాస్టారు.

బషీరున్నీసా వింటూనే ఉంది. చేతిలో కాయ, వేళ్ళ మధ్య తొడిమ, ఆ పని ఆగలేదు. రెండు గోల్సూ కొట్టినప్పుడు మాత్రం ఆమెకి ఏమీ తెలియలేదు. అవి అక్కడే ఉండిపోయాయి. కొడుకు బాగా ఆడిన రోజు ఆ వాకిలి మామూలుగా ఉంటుంది, ఆడలేని రోజు ఊరంతటికీ తెలుస్తుంది. అంత అన్యాయం ఆమెకి మాటల్లో చెప్పడం చేతకాక, ఇంటికి ఎవరొచ్చినా పడ్డ బంతులు కూడబెట్టిన సంచుల మీద దుప్పటి కప్పేది.

ఫిబ్రవరిలో కోటప్పకొండ తిరునాళ్ళు వచ్చాయి. రెండు వారాలు ఆ బల్లల మీద ఎవరి ప్రభ ఎంత ఎత్తు, ఎవరిది దారిలో ఒరిగింది అన్న మాటలే. ఆ రెండు వారాలూ బషీరున్నీసా ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతంలోనే అయాజ్ ఫోన్ చేశాడు.

"అమ్మీ, మన వాకిలి ఫోటో ఇక్కడ పెద్ద బట్ట మీద అచ్చేశారు. జనం కూర్చునే చోట కట్టారు. నువ్వు కూడా ఉన్నావు, మిరపకాయల దగ్గర కూర్చోని."

"నేనా? నేనెందుకురా?"

"కింద ఏదో రాశారు అరవంలో. అమ్మకి ఇంకోటి పంపరా అని. నేను బంతి తీసుకున్నప్పుడల్లా అదే అరుస్తన్నారు."

మాస్టారి ఫోటోలు గ్రూపులోంచి గ్రూపులోకి పోయి కోయంబత్తూరు చేరాయి. మేనేజరు అయాజ్‌ని గదిలోకి పిలిచి, మీ ఊరివాళ్ళే నిన్ను తీసెయ్యమంటుంటే మేమేం చెయ్యాలి అన్నాడు. సీజన్లో ఇంకా మూడు మ్యాచులున్నాయి. వాటిల్లో ఒక్క గోల్ కొడితే ఇంకో ఏడాదికి కాగితం రాస్తారు. కొట్టకపోతే సామాను సర్దుకోవడమే.

"ఒక్కటి చాలంట అమ్మీ. ఒక్కటి కొడతాలే."

బషీరున్నీసా ఫోన్ పెట్టేసి, కొంగు తల మీదుగా లాక్కుని రోడ్డు దాటింది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆ టీ బంకు ముందు ఆమె నిలబడ్డది అదే మొదటిసారి. బల్లల మీదివాళ్ళు కాళ్ళు ముడుచుకున్నారు.

"సార్, ఫోటోలు పెట్టమాకండి సార్. పిల్లోడికి అక్కడ కష్టమైతంది."

"ఎవురి మంచికి పెడతన్నాననుకున్నావమ్మా?" అన్నాడు మాస్టారు. ఆయన గొంతులో కోపం లేదు, నిజంగానే నొచ్చుకున్నాడు. "నేనేమన్నా పరాయోణ్ణా? పొగిడితే చెడిపోతాడు. తిట్టబట్టే అంతవాడయ్యాడు. చిన్నప్పుడు నేను కొట్టిన దెబ్బలు నువ్వు చూడలేదా?"

"చూశాను సార్. అప్పుడు మీరు గ్రౌండులో పిల్లోడి ఎదురుగా నిలబడేవోళ్ళు. ఆడేం జేశాడో చూసి కొట్టేవోళ్ళు."

మాస్టారు మొహం తిప్పుకుని, "జ్ఞానమ్మా, ఇంకో టీ," అన్నాడు.

ఆమె ఇంటికొచ్చి కొడుక్కి ఫోన్ చేసింది. "నాన్నా, ఒక పని చెయ్యి. ఇంక ఒక్కటి కూడా నా వాకిట్లో పడకుండా చూడు. ఆ మార్కరాయన నా గడప తొక్కగూడదు. నా బొమ్మ పెట్టి నవ్వుతన్నారు పరాయి ఊళ్ళో. ఒక్కటి కూడా పడగూడదు, ఇన్నావా?"

ఆమె కోపమంతా మాస్టారి మీద. తగిలింది మాత్రం కొడుక్కి. అయాజ్ చిన్నప్పుడు కొట్టుకెళ్ళి పంచదార తెమ్మంటే అన్నట్టుగానే, "అట్టాగే అమ్మీ," అన్నాడు.

మార్చి మొదటి ఆదివారం మాస్టారు మార్కరు మూత తీసి పట్టుకుని ఆరింటి దాకా కూర్చున్నాడు. ఏమీ పడలేదు. రెండో ఆదివారమూ పడలేదు. వీధిలో ఎవరూ తుమ్మలేదు.

"దారిలో పడ్డాడు," అన్నాడు అమర్నాథ్.

"గోలు కూడా కొట్టలా గదా," అన్నాడు ముజాహిద్.

"ముందు తప్పులు పోవాల. గోల్స్ అయ్యే వస్తై," అన్నాడు మాస్టారు. ఆ సాయంత్రం గ్రూపులో ఇలా రాశాడు: 'మొహమాటం లేని విమర్శే ఆటగాణ్ణి నిలబెడుతుంది. రెండు మ్యాచులు, సున్నా తప్పులు.' దాని కింద రెండొందల మంది చేతులు జోడించారు.

మొదటి ఆదివారం బషీరున్నీసా సంతోషంగా సేమ్యా వండి జ్ఞానమ్మకి గిన్నెడు పంపింది. రెండో ఆదివారం ఖాళీ వాకిలి చూస్తే ఆమెకి సంతోషం రాలేదు. ఫోన్ చేసి, ఎట్టా ఆడతన్నావురా అని అడిగింది. "నువ్వు చెప్పినట్టే ఆడతన్నా అమ్మీ," అన్నాడు. ఆ మాట ఆమెకి రుచించలేదు. ఎందుకో తెలియదు గానీ రుచించలేదు.

మూడో ఆదివారం ఆమె ముజాహిద్‌ని లోపలికి పిలిచింది. "బాబూ, ఆ యాప్ ఏదో నీ ఫోన్లో పెట్టి చూపిస్తావా?"

"రా ఖాలా, నేనూ చూడలేదు ఇంతవరకు."

ఇద్దరూ కాయల కుప్ప పక్కన చాప మీద కూర్చున్నారు. ఫోన్ని నీళ్ళ బిందెకి ఆనించారు. బొమ్మ ఆగింది, కదిలింది, మళ్ళీ ఆగింది. అంత చిన్న బొమ్మలోనూ కొడుకు నడక ఆమె గుర్తుపట్టింది. బంతి అతని దగ్గరికి వచ్చింది. తల ఎత్తి గోలు వైపు చూశాడు. చూసి, వెనక్కి ఇచ్చేశాడు. ఇంకోసారి వచ్చింది, పక్కకి ఇచ్చాడు. జనం అరుస్తున్నారు. ఎనిమిదోసారి, తొమ్మిదోసారి కూడా అంతే. కాలు ఎత్తుతాడు, ఆకాశం వైపు ఒకసారి చూస్తాడు, దించేస్తాడు.

"ఏంది ముజాహిద్, ఈడు కొట్టడేంది?"

ముజాహిద్‌కి అర్థమై చాలాసేపైంది. "కొడితే తప్పుద్దేమోనని ఖాలా," అన్నాడు నేల చూస్తూ. "కొట్టకపోతే తప్పేదే లేదు గదా."

బషీరున్నీసాకి అప్పుడు తెలిసింది. తొమ్మిది నెలలు మోసి, తండ్రి లేకుండా పెంచి, ఎవరి ముందూ తల వంచకుండా పంపిన కొడుకు కాళ్ళు తను ఒక్క మాటతో కట్టేసింది. ఫోన్ చేద్దామంటే ఫోన్లోనే అతను ఆడుతున్నాడు.

ఇంకా రెండు నిమిషాలున్నాయనగా ఎవరో పొడుగ్గా కొట్టిన బంతి అయాజ్ ముందు పడింది. అడ్డం వచ్చినవాడు జారిపడ్డాడు. గోల్ కీపరు ముందుకు ఉరికి బోర్లా పడ్డాడు. గోలు మొత్తం ఖాళీ. ఎదురుగా అయాజ్ ఒక్కడే.

ఆమె లేచి నిలబడింది. "కొట్టరా. తప్పితే తప్పనీ, నా నెత్తిన పడనీ. కొట్టు నాన్నా."

అయాజ్ కాలు ఎత్తాడు. బొమ్మ ఆగిపోయింది. ముజాహిద్ ఫోన్ని చేతిలోకి తీసుకుని పైకెత్తి అటూ ఇటూ తిప్పాడు. ఆమె కొంగు రెండు చేతులా పట్టి వాకిట్లో నిలబడి పైకి చూస్తూ ఉంది. పైన మార్చి నెల ఎండ తప్ప ఏమీ లేదు. కాసేపటికి బొమ్మ కదిలింది. బంతి పక్కవాడి కాళ్ళ దగ్గరుంది, వాడి చుట్టూ నలుగురు మూగారు. అయాజ్ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. విజిల్ ఊదారు.

ఆరు కాగానే బయట బల్లల దగ్గర ఒక్కసారిగా కేక లేచింది. తిరునాళ్ళలో మిగిలిన టపాకాయలు ఎవరో దాచిపెట్టారు, అవి అంటించారు. పొగ గోడ మీంచి వాకిట్లోకి వచ్చింది. ఆ వెనకే మాస్టారు వచ్చాడు. చెప్పులు బయట వదిలి, చేతిలో మిఠాయి పొట్లంతో. కళ్ళలో నీళ్ళున్నాయి ఆయనకి.

"మూడు మ్యాచులమ్మా. ఒక్కటి కూడా పడలా. నేను చెప్పలా నీకు? తీసుకో, నోరు తీపి చేసుకో."

ఆమె మిఠాయి తీసుకుని చేతిలో పట్టుకుంది. ముజాహిద్ ఏదో అనబోతే వద్దన్నట్టు చూసింది.

"ఇంక రెండు రోజుల్లో వచ్చేస్తాడు సార్, అయాజ్."

"సెలవులిచ్చారా? రానీ, రానీ. ఊరేగింపుగా తీసుకొద్దాం బస్టాండు నుంచి. ఎన్నాళ్ళుంటాడు?"

"ఉంటాడు సార్. ఇంక అక్కడ ఉంచుకోరు. గోలు కొట్టలేదు గదా."

మాస్టారు చెయ్యి పొట్లం మీద ఆగింది. "ఒక్కటి కూడా తప్పలా గదమ్మా," అన్నాడు.

"కొట్టలేదు సార్. తప్పొద్దని నేనే చెప్పా. ఆడు నా మాట ఇన్నాడు."

బయట అమర్నాథ్ ఇంకో టపాకాయల దండ అంటించి, మాస్టార్ని రమ్మని పిలుస్తున్నాడు.