గోరువెచ్చని చక్రం

కింది వంతెనను వరద ఎత్తుకుపోయిన మరుసటి ఏడు అది. లోయ దారి ఇంకా బాగుపడలేదు. ఆస్పత్రికి పోవాలంటే కనుమ దాటే పాత దారే గతి.

క్లావు భార్య మాద్‌లెయినాకు పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, మధ్యాహ్నంలోగా ఆస్పత్రిలో ఉండాలని మంత్రసాని చెప్పింది. క్లావు తన గడ్డి లారీ తీయబోతే మాద్‌లెయినా అన్న లూట్సి అడ్డొచ్చాడు. అతను ఉత్తరాలనూ మనుషులనూ చేరవేసే తపాలా బస్సు నడుపుతాడు.

"నీ లారీ వద్దు బావా. చెల్లెల్ని నా బస్సెక్కించు."

ఆ ఊళ్లో అందరిదీ ఒకటే అలవాటు. కనుమ దాటగానే ఇంజను ఆపేసి, పెట్రోలు మిగుల్చుకుంటూ జారిపోవడం. అడుగు దాకా అలా దిగినవాడిదే గొప్ప. క్లావు ఆ గొప్ప చాలాసార్లు చెప్పుకున్నాడు. దిగాక పొగలు కక్కే చక్రాల మీద బకెట్లతో నీళ్లు పోసిన సంగతి మాత్రం చెప్పేవాడు కాదు.

కనుమ మీద లూట్సి బస్సు నిలిపి, రెండో గేరు వేసి, మెల్లగా దింపాడు. బ్రేకు మీది కాలు తీసి పక్కన పెట్టుకున్నాడు.

"కాలు తీసేశావేం బావా?" అన్నాడు పక్కన కూర్చున్న క్లావు.

"ఏ గేరులో ఎక్కానో దాంట్లోనే దిగుతున్నా. బండిని ఇంజనే పట్టుకుంటుంది."

"మరి బ్రేకు దేనికి?"

"నీలాంటివాడు అడ్డమొస్తే."

"మీ సరసాలు తర్వాత ఆడుకోండి. ముందు నన్ను దించండి," అంది వెనక సీట్లోంచి మాద్‌లెయినా, పళ్లు బిగించి.

ఇంజను గొంతు పెంచింది. ఒక పక్క బండ, ఒక పక్క శూన్యం. క్లావు కుడికాలు, అక్కడ బ్రేకు ఉన్నట్టు, ఊరికే నేలను తొక్కుతోంది. నాలుగైదు మలుపులయ్యాక అదీ ఊరుకుంది. అంత బరువు బస్సు, వెనకనుంచి ఎవరో మోకుతో పట్టి దించుతున్నట్టు, ఒకటే నడకన దిగుతోంది. కొండంత బరువును నిలబెడుతున్నది, తను రోజూ ఆపేసే ఆ ఇంజనే.

ఆఖరి మలుపులో దారి నిండా ఆవులు. వేసవి మేత ముగించుకుని, కొమ్ములకు పూలు చుట్టుకుని దిగుతున్నాయి. లూట్సి అప్పుడు తొక్కాడు బ్రేకు. అన్నిటికన్నా వెనకున్న ఆవు తోకకు జానెడు దూరంలో బస్సు నిలిచింది. ఆవు తిరిగి చూసి, గంట మోగించుకుంటూ పక్కకు జరిగింది.

ఆస్పత్రివాళ్లు మాద్‌లెయినాను లోపలికి తీసుకెళ్లారు. క్లావు వెనక చక్రం దగ్గర కూర్చుని అరచెయ్యి ఆనించాడు. అప్పుడే పితికిన పాలంత వెచ్చగా ఉంది, అంతే. చెయ్యి తియ్యాలనిపించలేదు. లోపల ఆడపిల్ల ఏడ్చేదాకా అలాగే ఉన్నాడు. తల్లీ బిడ్డా క్షేమమన్నారు.

సాయంత్రం బస్సులోనే ఇంటికొచ్చాడు.

మర్నాడు పొద్దున తన లారీ కనుమ మీదికి ఎక్కించాడు. ఇంజను ఆపలేదు. రెండో గేరు వేసి, కాలు తీసి పక్కన పెట్టుకుని, బిడ్డను చూడడానికి దిగాడు.