హెస్డీకి యాభై

చొక్కా మీద అన్న మొహం. దాని కింద తన పేరు. "హెస్డీకి యాభై" అని ఎర్రటి అక్షరాలు. ఆ చొక్కా తొడుక్కుని అల్లం షర్బతు గ్లాసులు అందిస్తున్నాడు హెస్డీ. ఆ చొక్కా అంటే రోత. పొద్దున అమ్మ చేతికిచ్చినప్పుడే విసిరికొట్టాల్సింది. కొట్టలేదు. అందుకని తనన్నా తనకి రోతగానే ఉంది.

పుట్టినరోజు తనది. సరిగ్గా ఇవాళ్టికి యాభై నిండాయి. పరమారిబో పట్నంలో యాభై నిండడమంటే మాటలా? ఇంటిల్లిపాదీ ఒకే రంగు బట్టలు వేసుకోవాలి. వీధిలోకి బాకాల బ్యాండు రావాలి, పుట్టినరోజు మనిషి దాని ముందు ఆడుతూ నడవాలి. ఇంటి పెద్దావిడ నెత్తిన చెయ్యి పెట్టి, పేరు పెట్టి పిలిచి దీవించాలి. లోటేమీ లేకుండా అన్నీ జరుగుతున్నాయి. కాకపోతే పూలు కట్టిన కుర్చీలో కూచున్నవాడు క్రొంతో.

క్రొంతో అంటే కొబ్బరికాయ. సొంతూరు కొరోనీలో కొబ్బరితోటల మధ్య ఉన్న రోజుల్లో, బంతిని తలతో కొట్టడం చూసి పెట్టిన పేరు. అసలు పేరు ఎగ్బర్ట్. హెస్డీ కన్నా నాలుగేళ్ళు పెద్ద. ముప్ఫై రెండేళ్ళ కిందట ఆటగాళ్ళని వెతుక్కుంటూ హాలండ్ నుంచి ఒకాయన కొరోనీ వచ్చాడు. క్రొంతో ఆట చూసి, "కుర్రాడు బావున్నాడు. పంతొమ్మిది దాటలేదు కదా?" అన్నాడు. క్రొంతోకి అప్పటికి ఇరవై రెండు. అమ్మ ఒక పూటంతా ఆలోచించి, ట్రంకుపెట్టెలోంచి చిన్నవాడి పుట్టుక కాయితం తీసి పెద్దవాడి చేతిలో పెట్టింది.

"వాడు నీ పేరు మీద వెళ్తాడు నాన్నా," అంది హెస్డీతో. "నువ్వు వాడి పేరు వాడుకో. ఒకే ఇంట్లో పేర్లేగా, ఎవరిదైతేనేం?"

వాడుకున్నాడు. ఆ ఏడే దేశపు కుర్రాళ్ళ జట్టుకి హెస్డీని ఎంచారు. అన్న కన్నా తమ్ముడి కాలే చురుకని కొరోనీలో ఒప్పుకోనివాడు లేడు. కాయితాలు తెమ్మన్నారు, తీసుకెళ్ళాడు. కాయితాల మీద ఇరవై రెండేళ్ళు! "వయసు మీరిపోయింది బాబూ," అని గేటు దగ్గరే తిప్పి పంపేశారు. తరవాత కాపురం రాజధాని పరమారిబోకి మారింది. ఈ ఫ్రిమాంగ్రోన్ వీధిలో వాళ్ళకి అతను ఎగ్బర్ట్, పడవల రేవులో టిక్కెట్లు చింపే ఎగ్బర్ట్, హాలండ్‌లో ఆడిన హెస్డీకి అన్న.

పోనీ, పేరు పట్టుకుపోయినవాడు దాన్ని నిలబెట్టాడా అంటే అదీ లేదు. మొదటి క్లబ్బులో మూడేళ్ళు అదనపు ఆటగాళ్ళ బల్ల మీద కూచున్నాడు. రెండోదాంట్లో మోకాళ్ళకి సూదులు పొడిపించుకుని ఆడాడు. ముప్ఫై నిండి కీళ్ళు అరిగిపోయాక, ఇరవయ్యారేళ్ళవాణ్ణని నమ్మించి బెల్జియంలో ఇంకో క్లబ్బులో దూరాడు. వాళ్ళు ఏడాది తిరక్కుండా గెంటేశారు. మొత్తం మీద కొట్టిన గోల్స్ పదకొండు. ఆ తరవాత ఇన్నేళ్ళూ గోదాము కాపలా.

మైకు పట్టుకున్న పొరుగింటాయన మాత్రం, "తొంభై గోల్స్! మన వీధి ముత్యం!" అని గొంతు చించుకుంటున్నాడు. పోయినేడు ఈయనే నలభై అన్నాడు. జనం కోడిమాంసం పెట్టి కాల్చిన పోమ్ ముక్కలు నోట్లో కుక్కుకుని, కోడికొవ్వు గడ్డాల మీదుగా కారుతుంటే, ఆ చేతులతోనే చప్పట్లు కొడుతున్నారు. చూడబుద్ధి కాలేదు హెస్డీకి.

"అన్నా, ఇంకో గ్లాసు!" క్రొంతో అందరికీ వినబడేలా కేకేశాడు. దగ్గరికి వచ్చాక గొంతు తగ్గించాడు. "మొహం అలా పెట్టకురా. కాయితాల ప్రకారం నీకు పెన్షన్ నాలుగేళ్ళు ముందొస్తుంది. నేను దేవుళ్ళాడాలి. లాభపడింది నువ్వేరా వెధవా!"

పొట్ట ఊగేలా నవ్వాడు. ఆ గ్లాసులో ఉమ్మేసి ఇద్దామనిపించింది హెస్డీకి. శుభ్రంగా ఐసు వేసి ఇచ్చాడు.

ఇదంతా ఒక్క మాట కోసం ఓర్చుకుంటున్నాడు. నిన్న అమ్మని అడిగాడు. "అమ్మా, రేపు అందరి ముందూ ఒక్కసారి నా నెత్తిన చెయ్యి పెట్టి హెస్డీ అని పిలువు. కారణం చెప్పక్కర్లేదు. ముసలిదానికి మతి తప్పిందనుకుంటారు, అంతేగా."

"అలాగే నాన్నా," అంది అమ్మ.

వీధి మలుపులో బాకాలు మోగాయి. అందరూ లేచారు. గంజి పెట్టిన కోటో గౌను గరగరలాడిస్తూ అమ్మ లోపల్నుంచి వచ్చింది. హెస్డీ పళ్ళెం కింద పెట్టి, చేతులు తుడుచుకుని నిలబడ్డాడు. అమ్మ అతని వైపు చూసింది. ఒకడుగు వేసింది కూడా. అంతలో, పాత ఆటగాణ్ణి అభినందించడానికి హాలండ్ క్లబ్బు తరఫున వచ్చినాయన ఫోను పైకెత్తి, "ఇటమ్మా, ఇటు చూడండి," అన్నాడు. అమ్మ పక్కకి తిరిగి క్రొంతో నెత్తిన చెయ్యి పెట్టింది.

"హెస్డీ, నా బంగారుకొండా, చల్లగా ఉండు నాన్నా."

చప్పట్లు. క్రొంతో లేచాడు, ఒక్కడుగు వేశాడు, మోకాలు మడతపడి కుర్చీలో కూలబడ్డాడు. గేటు దగ్గర బ్యాండు నాయకుడు బాకా దించేశాడు. "పుట్టినరోజు మనిషి గడప దాటందే మేం మళ్ళీ ఊదం. ఎవరో ఒకళ్ళు నడవండి బాబూ, ఎండ మాడ్చేస్తోంది!"

అమ్మ హెస్డీ మొహంలోకి చూడలేదు. "ఎగ్బర్ట్," అంది, "తమ్ముడి బదులు నువ్వు నడు నాన్నా."

హెస్డీ గేటు దాటాడు. బాకాలు భళ్ళున మోగాయి. సిగ్గులేని కాళ్ళు, దరువు వినపడగానే ఆడడం మొదలెట్టాయి. ఆ సరదా కూడా రోత పుట్టించింది, అయినా ఆగలేదు.

ఎదురింటి హెర్మీన్ అత్త పక్కన చేరి నడుం తిప్పుతూ, "బాగానే ఆడుతున్నావే ఎగ్బర్టూ! అవునూ, నీ యాభయ్యోది ఎప్పుడైపోయింది? మాకు ముద్ద పెట్టలేదే!" అంది.

"నాలుగేళ్ళయింది అత్తా," అన్నాడు హెస్డీ. "ఆ రోజు రేవులో పనికెళ్ళాను. ఎవర్నీ పిలవలేదు."

"ఓరి పిసినారీ!" అని ఆవిడ వీధంతా వినబడేలా నవ్వి, అతని వీపు మీద ఒక్కటి చరిచింది.