యంత్రమెక్కిన కిడ్నీ

టైలరమ్మ ఆ యంత్రాన్ని చూడకుండా ఉంటే బాగుండేది. ఆపరేషన్ థియేటర్ బయట స్ట్రెచర్ మీద పడుకుని ఉండగా, పక్కనుంచే దాన్ని తోసుకుపోయారు. పారదర్శకమైన మూత కింద చల్లటి ద్రవంలో పిడికిలంత కిడ్నీ, దానిలోకి సన్నటి గొట్టం, ఆగకుండా టకటకమనే పంపు.

"అది నాదేనా?" ఆశగా అడిగింది.

"కాదండీ, కండక్టరమ్మది. మీది ఐసుపెట్టెలో ఉంది," అంది నర్సు.

కండక్టరమ్మ అంటే బస్సులో టిక్కెట్లు కొట్టే అమ్మాయి. డయాలసిస్‌లో ఇద్దరివీ పక్కపక్క మంచాలు. రెండేళ్లుగా కష్టం సుఖం చెప్పుకున్నవాళ్లే. చనిపోయిన ఒకే మనిషి కిడ్నీలు ఇద్దరికీ సరిపోయాయని కబురొచ్చినప్పుడు ఫోన్లో ఒకరి ఏడుపు ఒకరు విన్నారు కూడా. ఒకే ఒంట్లో ఉన్నవాటిలో ఒకటి దర్జాగా యంత్రమెక్కడమేమిటి, రెండోది పాలప్యాకెట్టులా ఐసులో పడుండడమేమిటి? మత్తు ఎక్కేదాకా టైలరమ్మకి అదే ధ్యాస.

ఆపరేషన్లు రెండూ బాగానే జరిగాయి. కానీ కండక్టరమ్మ కిడ్నీ ఆపరేషన్ బల్లమీదే పని మొదలుపెట్టింది. తెల్లారేసరికి ఆమె మంచానికి కట్టిన మూత్రపు సంచి నిండుగా వేలాడుతోంది. టైలరమ్మ సంచి అడుగైనా తడవలేదు. ఆమెను మళ్లీ డయాలసిస్‌కే తీసుకెళ్లారు.

మర్నాడూ అంతే. నర్సు పక్క సంచి ఖాళీ చేసే చప్పుడు వినబడితే చాలు, టైలరమ్మకి ఒళ్లు మండిపోయేది. పైగా ఆ అమ్మాయి వాగుడు.

"అక్కా, రెండేళ్లు గుక్కలు లెక్కపెట్టుకున్నానా, ఇప్పుడు నన్ను గ్లాసులకి గ్లాసులు నీళ్లు తాగమంటున్నారు!"

"తాగు. నిన్నెవరు వద్దన్నారు?" టైలరమ్మ మంచాల మధ్య తెర బర్రున లాగేసుకుంది.

"ఇవాళ కాకపోతే రేపొస్తుందిలే," అన్నాడు భర్త నెమ్మదిగా.

"మీకేం తెలుసండీ? ఆ పిల్లకి యూనియన్ ఉంది, ఆ యంత్రం కోసం పైనుంచి మాట చెప్పించుకుని ఉంటుంది. మనకెవరున్నారు, నా కుట్టుమిషను తప్ప!"

ఆ మాట నోట్లో ఉండగానే సర్జను వచ్చాడు. టైలరమ్మ ఉన్నదంతా కక్కేసింది.

ఆయన కోప్పడలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "అమ్మా, ఆ యంత్రం మా దగ్గర ఒక్కటే ఉంది. అనుమానమున్న కిడ్నీనే దానిమీద పెడతాం. ద్రవం సాఫీగా పారుతోందో లేదో చూసుకుంటాం. మీకొచ్చింది శుభ్రమైనది, ఐసు చాలనుకున్నాం. ఒక్కోటి ఇలా బద్ధకిస్తుంది. రక్తం బాగానే అందుతోంది, లేస్తుంది."

"యంత్రంలో పెట్టుంటే ముందే లేచేదా?"

"లేచేదేమో. కాదని చెప్పలేను."

ఆయన వెళ్లాక తెర అవతలినుంచి చిన్నగా పిలుపు వచ్చింది. "అక్కా, తెర తియ్యవా?"

టైలరమ్మ తియ్యలేదు. భర్త తీశాడు.

"నాకొచ్చినదాని రంగు బాలేదన్నారక్కా," అంది కండక్టరమ్మ. "పరీక్షించి బాగుంటేనే పెడతాం, వద్దనుకుంటే ఇంకోదానికోసం ఆగొచ్చు అన్నారు. మంచిది నీకెళ్లిందని తెలిసి ఆ పూటంతా నిన్నెంత తిట్టుకున్నానో! ఆ ముసలిదానికి అంత మంచిది దేనికీ అని..."

"ముసలిదాన్నా?"

"నాకంటే పెద్దదానివేగా!"

టైలరమ్మకి కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. కుట్లు లాగేసరికి "అమ్మో" అంటూ పొట్ట పట్టుకుంది. అవతల ఆ అమ్మాయీ అదే అవస్థ. కుళ్లుకున్నది తనొక్కతే కాదని తెలిశాక టైలరమ్మకి ఆ పూట ఎంత హాయిగా నిద్ర పట్టిందో!

వారం తిరిగాక టైలరమ్మ కిడ్నీ కళ్లు తెరిచింది. ముందు చుక్కలు, సాయంత్రానికి ధార. భర్త వార్డంతా తిరిగి చెప్పొచ్చాడు.

అంతమాత్రాన బుద్ధి మారిపోలేదు. చెకప్‌కి వెళ్లినప్పుడల్లా ఇద్దరూ పలకరింపులకంటే ముందు రిపోర్టులు పోల్చుకునేవాళ్లు. కిడ్నీ ఎంత బాగా పనిచేస్తే అంత తగ్గే క్రియాటినిన్ కండక్టరమ్మకి తక్కువుంటే టైలరమ్మ ఇంటికెళ్లేదాకా మాట్లాడేది కాదు. తనది తక్కువొచ్చిన రోజున మాత్రం, మందులకి ఒళ్లొచ్చి బిగుతైన ఆ అమ్మాయి యూనిఫారాన్ని తనే అడిగి తీసుకుంది. కుట్లు విప్పి, వదులుచేసి, ఇస్త్రీ కూడా చేసి ఇచ్చింది.