మంగాదేవి కెనడా షేరు

రొయ్య వీపు మీద కత్తి మొనతో గీసి, నల్లటి నరాన్ని గోటితో లాగి పారేస్తోంది మంగాదేవి. ఒలిచినవి ఒక కుప్ప, ఒలవాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి. పొద్దున్నే సారు షార్జా చేపల మార్కెట్ నుంచి తెచ్చాడు. ఐసు చల్లదనానికి వేళ్ళు ఎర్రబడ్డాయి. బాత్రూములు కడిగే మందు వల్ల ఆమె కుడి బొటనవేలు ఎప్పుడూ పగిలే ఉంటుంది. ఆ పగులులోకి ఉప్పునీళ్ళు దిగి చురుక్కుమంటున్నాయి. వేలును నోట్లో పెట్టుకోబోయి, గుర్తొచ్చి, కుళాయి కింద పెట్టింది.

ఫోను గట్టు మీద పోపుల డబ్బాకు ఆనించి ఉంది. అందులోంచి ఊళ్ళో పిండిమర నడిపే అచ్చాయమ్మ మాట్లాడుతోంది.

“ఇంక నా వల్ల కాదే అమ్మాయ్. మోకాళ్ళు వంగట్లేదు. నూనె గానుగాయన రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటున్నాడు, మర నాకిచ్చెయ్యమని. నీకు మాటిచ్చానని ఇన్నాళ్ళు ఆగాను. ఈ నెలాఖరు దాకా చూస్తాను. ఆపైన నన్ననకు.”

“ఎందుకంటాను పిన్నీ? ఇవాళే సారుని అడుగుతాను. తక్కువైంది ఆయన సర్దుతాడు. మా సారు మంచోరు.”

“నువ్వు చెప్తే దుబాయ్‌లో చెడ్డోళ్ళే లేరు కదే,” అని నవ్వి అచ్చాయమ్మ ఫోను పెట్టేసింది.

మంగాదేవి కూడా నవ్వుకుంది. ఆ పిండిమర గురించి తలుచుకోవడం ఆమెకు అలవాటు. ఇస్త్రీ చేసేటప్పుడు, బస్సు కోసం ఎండలో నిలబడినప్పుడు తలుచుకుంటుంది. గుమ్మం పక్కన ముక్కాలిపీట, తిరుగుతున్న బెల్టు చప్పుడు, కనురెప్పల మీద తెల్లగా పిండి. బియ్యం, మినుములు, పసుపు కొమ్ములు పట్టుకుని జనమే ఆమె దగ్గరికి వస్తారు. ఆమె ఎవరింటికీ వెళ్ళక్కరలేదు. భర్త చనిపోయిన ఏడాదే ఆమె మస్కట్ వెళ్ళింది, తర్వాత ఇక్కడికొచ్చింది. అప్పటి నుంచీ ఎదుటివాళ్ళ ఇళ్ళల్లోనే ఆమె బతుకు. ఒక్క గుమ్మంలో తను కూర్చుని ఉండగా ఎవరైనా రావాలని ఆమె కోరిక.

అల్ నహ్దాలోని ఈ ఫ్లాటు రామచంద్రరావుది. కాకినాడ మనిషి. జెబెల్ అలీలో ఒక పైపుల కంపెనీలో లెక్కలు చూస్తాడు. కరోనా ఏడాది బయట తిరగనివ్వనప్పుడు ఆయన భార్య కామాక్షి, “నీ గదిలో అంతమంది మధ్య ఎందుకు మంగా, మా హాల్లో పడుకో,” అంది. ఆ మాట మంగాదేవి మర్చిపోలేదు.

చమురు ధర పడిపోయింది ఆ రోజుల్లోనే. కొన్నవాళ్ళకే ఎదురు డబ్బులిస్తున్నారని టీవీలో చెప్పారు. రామచంద్రరావు లుంగీలో హాలంతా తిరుగుతూ, “చమురు లేకుండా లోకం నడుస్తుందా మంగా? కెనడా కంపెనీలు ఇప్పుడు ఉల్లిపాయల ధరకొచ్చాయి. ఇప్పుడు కొన్నవాడే మొనగాడు,” అనేవాడు. ఆమె ఇల్లు తుడుస్తూ వినేది. చివరికి ఒకరోజు, “నాక్కూడా ఒకటి కొని పెడతారాండి?” అని అడిగింది.

గోదావరి జిల్లాల ఆడవాళ్ళంతా కలిసి వేసుకునే చీటీ ఒకటుంది. అస్మా అనే ఆమె నడుపుతుంది. మంగాదేవి ఆ చీటీని తొందరపడి, నష్టానికి పాడుకుని, ఆ డబ్బంతా తెచ్చి సారు చేతిలో పెట్టింది. “నీ పేరున అకౌంటు తెరవడం పెద్ద తలనొప్పి. నా పేరునే కొంటాను,” అన్నాడాయన. ఆమెకు అందులో తేడా ఏమీ కనిపించలేదు. అస్మా చీటీలోనూ అంతే కదా. డబ్బంతా అస్మా దగ్గరే ఉంటుంది. కాగితం ఉండదు. మాటే ఉంటుంది. అస్మా మునిగితే అందరూ మునుగుతారు, అస్మా బాగుంటే అందరూ బాగుంటారు. షేరంటే కెనడాలో వేసిన చీటీ అనుకుంది మంగాదేవి.

కొన్ని నెలలకు సారు తల పట్టుకుని సోఫాలో కూర్చున్నాడు. “కంపెనీ మునిగింది మంగా. అమ్మేశాను. నీకు సగం తిరిగొచ్చింది. నాదైతే అంతా పోయింది.” అప్పుడే ఆఫీసులో ఆయన జీతం కూడా కోశారు. ఆమెకు తన సగం కంటే ఆయన మొహమే ఎక్కువ బాధనిపించింది. చీటీ నడిపే మనిషే మునిగితే ఏమంటాం? అల్లం టీ పెట్టి ఇచ్చింది. రెండు నెలలు జీతం తీసుకోకుండా చేసింది. “వద్దండి, మీరు తేరుకున్నాక చూద్దాం,” అంది. ఆ రెండు నెలల సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మధ్యాహ్నానికి శ్యాంప్రసాద్, అతని భార్య కల్పన వచ్చారు. హైదరాబాద్ వాళ్ళు. శ్యాంప్రసాద్ గుమ్మంలోనే అరిచాడు.

“ఏమన్నా, కొత్త ఫ్లాటంట! కొండాపూర్‌ల! షేక్ అయిపోయినవ్ పో! ఇగ మమ్మల్ని గుర్తుపడ్తవా లేదా?”

“ముందు చెప్పులు విప్పు, తర్వాత గుర్తుపడతా,” అన్నాడు రామచంద్రరావు, బొజ్జ కదిలేలా నవ్వుతూ.

మంగాదేవి రొయ్యల వేపుడు గిన్నె పట్టుకుని వంటగది గుమ్మం దాకా వచ్చింది. ఇవాళ సారు సంతోషంగా ఉన్నాడు, అడిగితే కాదనడు అనుకుంది. మాటలు కూడా కూర్చుకుంది: ఒక్క ఏడాదండి, జీతంలో కోసుకోండి.

“నిజం జెప్తున్నా అన్నా,” అంటున్నాడు శ్యాంప్రసాద్. “అప్పుడు నువ్వు కెనడా షేర్లు కొను కొను అంటుంటే నవ్విన. నీ మీద జోకులేసి అందరికీ పంపిన. ఎంతయింది ఇప్పుడు?”

“ఆరింతలు.”

“యా అల్లా! మధ్యల ఒక్కసారి గూడ అమ్మలే?”

“ఒక్కటి కూడా అమ్మలేదు. అందరూ భయపడి అమ్ముకుంటుంటే నేను ఇంకొన్ని కలుపుకున్నా. ఒకటే కంపెనీ. ఆ రోజు నుంచీ ఈ రోజు దాకా అదే. మొన్న ఫ్లాటు కోసం కొంచెం తీశానంతే.”

మంగాదేవి నడిచి వెళ్ళి గిన్నెను బల్ల మీద పెట్టింది. గరిటె కూడా సరిగ్గా కల్పన వైపు తిప్పి పెట్టింది. తలెత్తి కామాక్షి వైపు చూసింది. కామాక్షి చూపు తిప్పుకుని, అక్కడే ఉన్న చెంచాలను మళ్ళీ లెక్కపెట్టసాగింది.

“వేపుడు మస్తుందక్కా,” అంది కల్పన ఆమెతో. “ఏమేస్తవ్ ఇందుల?”

“అల్లం ఎక్కువేస్తానండి,” అంది మంగాదేవి.

వాళ్ళు వెళ్ళాక రామచంద్రరావు మంచినీళ్ళ సీసా కోసం వంటగదిలోకి వచ్చాడు. ఆమె ఎంగిలి కంచాలు గీకుతోంది. చెత్తబుట్టలో రొయ్యల తొక్కలు అప్పటికే వాసన పట్టాయి.

“సారూ, నా షేరు కూడా ఆ కంపెనీదే కదండీ?”

ఆయన ఫ్రిజ్ తలుపు పట్టుకుని ఆగాడు.

“నీది అప్పుడే ఇచ్చేశాను కదా మంగా.”

“మునిగిపోయిందన్నారండి.”

“పడిపోయింది అన్నాను. నువ్వేమో కంగారుపడి నాది నాకిచ్చెయ్యండి అన్నావు. ఆ రోజు దాని ధర అంతే. ఇచ్చేశాను. నాది నేనుంచుకున్నాను, పెరిగింది. నష్టం వచ్చుంటే నువ్వు పంచుకునేదానివా?”

“నేనెప్పుడన్నానండి ఇచ్చెయ్యమని?” ఆమె గొంతు చాలా నెమ్మదిగా వచ్చింది. “నేను టీ పెట్టిచ్చానండి.”

కామాక్షి గుమ్మంలోకి వచ్చింది. “అప్పుడు మా పరిస్థితి ఎలా ఉందో నువ్వు కళ్ళారా చూశావు మంగా. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఉన్న నాలుగు షేర్లూ ఉంచుకుంటే...” అని ఆపేసింది. భర్త ఆమె వైపు చురుగ్గా చూశాడు.

అయితే అమ్మగారికీ తెలుసు. హాల్లో తను చాప పరుచుకుని పడుకున్న రాత్రుళ్ళలో, ఆ తలుపు అవతల వాళ్ళిద్దరూ ఈ సంగతి మాట్లాడుకునే ఉంటారు.

“చూడు, నాకూ మనసుంది,” అన్నాడు రామచంద్రరావు. “పిండిమర అంటుంటావుగా. కావలసింది ఇస్తాను. అప్పుగా తీసుకో. నెలనెలా జీతంలోంచి మెల్లగా పట్టుకుంటాను. వడ్డీ కూడా వద్దు.”

పొద్దుటి నుంచీ ఆమె అడగాలనుకున్నది అదే. అడగకుండానే దొరికింది. ఊఁ అంటే చాలు, నెలాఖరుకల్లా గుమ్మం పక్కన ముక్కాలిపీట ఆమెది.

“నా డబ్బులు నాకే అప్పిస్తారాండి?” అంది.

ఆయన సీసా కోసం ఫ్రిజ్ వైపు తిరిగి, “కోపంలో ఉన్నావు. రేపు మాట్లాడదాం,” అని సీసా తీసుకుని వెళ్ళిపోయాడు. పడకగది తలుపు మూసుకుంది. కామాక్షి మిగిలిన బిర్యానీ ఉన్న డబ్బాను ఆమె వైపు జరిపి, తనూ లోపలికి వెళ్ళింది.

మంగాదేవి గిన్నెలు కడిగింది. పొయ్యి తుడిచింది. నానిన మినప్పప్పు కనిపిస్తే రుబ్బి, ఇడ్లీ రవ్వ కలిపి, స్టీలు గిన్నెలో పోసింది. ప్రతి ఆదివారం చేసే పనే అది. చేతులు ఆమెను అడగకుండానే చేసేశాయి. తర్వాత చెయ్యి తుడుచుకుని అచ్చాయమ్మకు ఫోను చేసింది.

“పిన్నీ, మర గానుగాయనకే ఇచ్చెయ్.”

“అదేంటే! మీ సారు లేదన్నాడా?”

“ఇస్తానన్నాడు పిన్నీ. నేనే వద్దన్నాను.”

“నీకేమన్నా పిచ్చా? ఎందుకొద్దన్నావే?”

“ఊరికే,” అంది. “నువ్వు మోకాళ్ళు చూపించుకో,” అని ఫోను పెట్టేసింది.

తన పాత పని చొక్కా, దువ్వెన, నొప్పుల మందు ఒక సంచిలో వేసుకుంది. ఇంటి తాళంచెవిని చెప్పుల బీరువా మీద పెట్టింది. బిర్యానీ డబ్బా ముట్టుకోలేదు. లోపల ఏసీ హోరుమంటోంది. తలుపును చప్పుడు కాకుండా దగ్గరకు లాగి, లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగి, అస్మా గది ఉన్న వీధి వైపు నడిచింది. బయట సాయంత్రపు నమాజుకు పిలుపు వినబడుతోంది.

రాత్రయినా ఫ్లాటులో ఎవరూ వంటగదిలోకి రాలేదు. ఏసీ లేని వంటగదిలో జూన్ వేడికి పిండి తొందరగా పులిసింది. అది ఫ్రిజ్‌లో పెట్టాల్సిన వేళ దాటింది. గట్టు మీద స్టీలు గిన్నె మూత ఒక పక్కకు లేచింది, అంచు మీదుగా తెల్లటి పిండి మెల్లగా కిందికి జారుతోంది.